ప్రాగ్ చర్చిలో స్తంభాలు రాతివి కావా?

కాళహస్తి అబ్బాయి:
మా నాయన నలభై ఏళ్లుగా గోపురాల మీద బొమ్మలు చేస్తాడు. చెల్లెలు ప్రాగ్‌లో ఉంటే మొన్న చలికాలంలో తీసుకెళ్లాను. అక్కడ మాలా స్ట్రానా అనే పేటలో సెయింట్ నికొలస్ చర్చి చూశాం. నేను తలెత్తి కప్పు మీది బొమ్మలు చూస్తుంటే, నాయన గులాబీ రంగు స్తంభానికి అరచెయ్యి ఆనించాడు. "ఒరే, ఇది రాయి కాదురా. రాయైతే ఈ చలికి చెయ్యి జివ్వుమనాలి. పూత ఇది" అన్నాడు. కాపలా ఆవిడ వచ్చి ముట్టుకోవద్దని సైగ చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంత కట్టినోళ్లు రాయి కొనలేకపోయారా?" అని బయటికొచ్చాక కూడా నాయనది అదే గొడవ. నిజమేనా?

తిరుపతి టెకీ:
ఏ నికొలస్ అన్నా? ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో ఇంకోటుంది, అందరూ పొరబడతారు. మీరు చూసింది జెస్విట్లనే కాథలిక్ మత సంఘం వాళ్లది. తండ్రి క్రిస్టోఫ్ డీంట్సెన్‌హోఫర్ మొదలుపెడితే కొడుకు కిలియాన్ గుమ్మటం లేపాడు, ఆయన అల్లుడు లూరాగో 1755కు గంట గోపురం ముగించాడు. మూడు తరాల పని. 1787లో మోజార్ట్ అక్కడి ఆర్గాన్ వాయించాడు. స్తంభాల సంగతి నాకు తెలీదు.

సున్నం పిడత:
నాయన చెయ్యి తప్పు చెప్పలేదు. దాన్ని స్టక్కో మార్బుల్ అంటారు, ఇటలీలో స్కాలియోలా. జిప్సం పొడిని జిగురు నీళ్లతో ముద్ద చేసి, ఒక్కో ముద్దకు ఒక్కో రంగు కలిపి, అన్నీ చేర్చి కోస్తే పాలరాతి చారలొస్తాయి. స్తంభానికి పట్టించి, గట్టిపడ్డాక నూరి నూరి మెరుపు తెస్తారు. చవక పనేం కాదు. కావాల్సిన రంగులో అంతంత స్తంభాలు, అన్నీ ఒకే తీరుగా, ఏ గనిలో దొరుకుతాయి? అయినా మన గోపురాలు మాత్రం? కింద రాయి, పైన ఇటుకా సున్నమే కదా.

కాళహస్తి అబ్బాయి:
నాయనకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏం జిగురు? వానకు నిలుస్తుందా?" అన్నాడు.

సున్నం పిడత:
జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. జిప్సం గబుక్కున బిగుసుకుపోకుండా ఆపుతుంది. వానకు నిలవదు, అందుకే లోపలే వాడతారు.

కాళహస్తి అబ్బాయి:
"కరక్కాయ, బెల్లం నీళ్లు పోసిన మన సున్నం నిలుస్తుంది, అది కూడా రాయి" అంటున్నాడు. రాసేశాను.