శనివారం సంక్రాంతి, డల్లాస్: మిగిలిన పనులు (గ్రూపు చాట్; మనుషుల పేర్ల బదులు ఊరి పేర్లు, టైములన్నీ డల్లాస్‌వి)

కావలి, గురువారం రాత్రి 8:05
ఇంక రెండు రోజులే. ముగ్గుపిండి, రంగులు ఎవరు తెస్తున్నారు? గొబ్బెమ్మల సంగతి ఏమైంది? పోయినసారి బంకమట్టివి ఆరనే లేదు. భోజనాలు 140కి ఖాయం చేసేయనా? నెల్లూరు నుంచి లైవ్ పద్యాలకు సౌండ్ చెక్ అయిందా?

కోవూరు, 8:21
ఆఖరుదానికి చెప్తా అన్నా. కాలేదు. అక్కడ శుక్రవారం పొద్దున ఎనిమిది కావస్తోంది, చిన్నాన్న హార్మోనియం ముందు కూర్చుని అరగంటయింది. మైకును లాప్‌టాప్‌కు కలిపే సౌండ్ కార్డు నాలుగు నిమిషాలు పనిచేస్తుంది, లాప్‌టాప్ 'టుడుంగ్' అంటుంది, అంతే, మాటా లేదు పాటా లేదు. వైరు పీకి పెడితే మళ్ళీ వస్తుంది. తమ్ముణ్ణి గ్రూపులో కలిపా.

ఒంగోలు, 8:26
ఫోన్ చార్జర్ వైరేమో చూడు.

మూలాపేట, 8:30
ఉత్త చార్జింగ్ వైరైతే కార్డు అసలు కనపడనే కనపడదన్నా. ఇది కార్డుతో వచ్చిందే.

పొదిలి, 8:34
కరెంటు చాలడం లేదేమో. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేదే 500 మిల్లీయాంపులు. మధ్యలో హబ్ ఉంటే మౌసు, పెన్‌డ్రైవు, కార్డు అన్నీ దాన్నే పంచుకోవాలి. కార్డు మీది 48 వోల్టుల బటన్ నొక్కావా? అది కండెన్సర్ మైకులకు కరెంటిచ్చేది. చిన్నాన్న ముందున్నది మామూలు స్టేజీ మైకే కదా, అక్కర్లేదు. హబ్ తీసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు.

మూలాపేట, 8:52
హబ్ తీసేశా, 48 ఆపేశా. ఈసారి ఆరు నిమిషాలు. మళ్ళీ టుడుంగ్.

పొదిలి, 8:57
అయితే విండోసే నిద్రపుచ్చుతోంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్, అందులో పవర్ మేనేజ్‌మెంట్. కరెంటు ఆదాకి దీన్ని ఆపుకోవచ్చు అని ఒక టిక్కుంటుంది, తీసెయ్. పవర్ ఆప్షన్స్‌లో సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపు.

మూలాపేట, 9:31
రెండూ చేశా. మైకులో "ఒకటి, రెండు, మూడు" అనుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చున్నా, పోలేదు. నాన్న పద్యం ఎత్తుకున్నాడు, పోయింది. నాన్నంటే పడదేమో దీనికి.

ఆత్మకూరు, 9:34
రికార్డు చేసి పంపమని డిసెంబరులోనే మొత్తుకున్నా. పెద్ద తెరకు అద్దె కట్టేశాం. 140 మందికీ ఆ టుడుంగ్ వినిపిద్దామా?

కోవూరు, 9:36
రికార్డింగయితే ఎవరింట్లో వాళ్ళు పడుకుని చూసుకోవచ్చు, హాలెందుకు? డెబ్బై ఏళ్ళ మనిషి మన కోసం ఆదివారం తెల్లారి ఐదున్నరకు గొంతు విప్పుతానన్నాడు. ఏందన్నా ఈ మాటలు? వద్దంటే చెప్పండి, ఇప్పుడే లేచి లోపలికి పొమ్మంటా.

ఆత్మకూరు, 9:37
వద్దన్నానా? లెక్క చెప్పాల్సింది నేను.

కోవూరు, 9:37
ఎప్పుడూ మీరే కదా చెప్పేది.

కావలి, 9:39
ఇద్దరూ కాసిని నీళ్ళు తాగండి. భోజనాలు 140 అని చెప్పేశా.

పొదిలి, 9:44
తమ్ముడూ, కార్డు ఎక్కడ పెట్టావు? ఫోటో తియ్.

మూలాపేట, 9:52
ఫోటో అక్కర్లేదన్నా, అమ్మ పట్టేసింది. కాఫీ ఇవ్వడానికొచ్చి గ్లాసు బల్ల మీద పెడితే కాఫీ తొణుకుతోంది. హార్మోనియం, కార్డు రెండూ ఆ బల్ల మీదే. నాన్న తిత్తి ఊదినప్పుడల్లా బల్ల కదులుతోంది, కార్డు వెనక సాకెట్‌లో వైరు కొస ఊగుతోంది. పై స్థాయికి పోయి గట్టిగా ఊదితే లైటు ఆరిపోతోంది. నేను ఒకట్లు లెక్కపెట్టినప్పుడు హార్మోనియం మోగలేదు కదా!

పొదిలి, 9:54
గంటసేపు విండోస్‌ను తిట్టుకున్నా. సాకెట్ వదులైంది. కార్డు బల్ల దించు, వైరు లాగినట్టు లేకుండా కాస్త వంపు ఉంచి టేపు వెయ్. షాపులు తెరిచాక కొత్త వైరు కూడా తెచ్చి చూడు.

మూలాపేట, 10:40
బియ్యం మూట మీద పెట్టా. కదల్లేదు, మెదల్లేదు. నలభై నిమిషాలుగా నాన్న ఆపడం లేదు, మేమే ఆపమంటున్నాం.

ఆత్మకూరు, 10:44
కోవూరమ్మా, ఇందాక నోరు జారా. కొత్త కార్డు కావాలంటే నేను కొనిస్తా, సంఘం లెక్కలో వద్దు.

కోవూరు, 10:47
నేనూ తగ్గలేదులే అన్నా. మీరన్నట్టు రెండు పద్యాలు ఫోన్‌లో రికార్డు చేసి దగ్గర పెట్టుకుందాం. నెట్టు పోతే బియ్యం మూట ఏం చేస్తుంది?

మూలాపేట, 10:51
ధనుర్మాసం కదా, ఐదున్నరకు గుడి మైకు కూడా మోగుతుంటుంది.

పొదిలి, 10:53
కిటికీలు మూసి, మైకు నోటికి దగ్గరగా పెట్టి, గెయిన్, అంటే మైకు సౌండు ఎంత పట్టాలో అది, తగ్గించు. కాస్త వినపడితే వినపడనీ, సంక్రాంతేగా.

మూలాపేట, 10:58
అమ్మ అడుగుతోంది, ఆదివారం దాకా మూటలో బియ్యం తియ్యకూడదా అని.

కావలి, 10:59
తియ్యొద్దని చెప్పు.