బెర్లిన్ సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి కుక్కర్ పట్టుకెళ్లాలా?

విజయనగరం నుంచి అమ్మానాన్నలతో వెళ్తున్నాం. చవకది, చిన్న వంటగది ఉన్నది బుక్ చేశాం. కుక్కర్, మిక్సీ పనికొస్తాయా? ఇంకేం చూసుకోవాలండి?

జవాబు 1:
ముందు పొయ్యి ఏ రకమో ఓనర్ని అడగండి. ఇండక్షన్ పొయ్యి, లోపల కాయిల్ వేడెక్కే పొయ్యి, పైకి రెండూ నల్ల గాజే. ఇండక్షన్ అయితే అడుగుకి అయస్కాంతం అతుక్కునే గిన్నె కావాలి. మామూలు అల్యూమినియం కుక్కర్, బుడితి ఊరి ఇత్తడి గిన్నె అస్సలు వేడెక్కవు. కాయిల్ ఉన్న గాజు పొయ్యి అయితే అడుగు సమంగా ఉంటే చాలు. కరెంటు 230 వోల్టులే, మిక్సీకి ఇబ్బంది లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్ కావాలి.

జవాబు 2:
తాలింపు దగ్గర జాగ్రత్త! చాలాచోట్ల చిమ్నీ పొగని బయటికి పంపదు, ఫిల్టర్లోంచి మళ్లీ గదిలోకే వదుల్తుంది. ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగుతుంది. కిటికీ తీసి, సన్న సెగ మీద పెట్టండి. నెయ్యి, పాలకోవా సామాన్లో వద్దు, పాల పదార్థాలు అక్కడికి తేనివ్వరు. ఆవకాయకి నూనె కారకుండా గట్టి ప్యాకింగ్ చేయించండి.

జవాబు 3:
ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూతే. పాలు, బియ్యం శనివారమే కొనేయండి. మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్లో దొరుకుతాయి. ఒకసారి వాడి పారేసే నీళ్ల ప్లాస్టిక్ బాటిల్‌కి 25 సెంట్లు డిపాజిట్ పడుతుంది. నలపకుండా షాపులో మెషీన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లు దగ్గర ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, తలుపు. చాలాచోట్ల బయట హ్యాండిల్ తిరగదు, మూస్తే దానంతటదే తాళం పడిపోతుంది. పెద్దవాళ్లకి గట్టిగా చెప్పండి, తాళంచెవి చేతిలో లేకుండా గడప దాటొద్దని.