చూడ చూడ “రుచుల”నా, “రుచులు”నా?

ప్రొద్దుటూరు మిద్దెతోట: లిథాప్స్ పెంచేవాళ్లకు పంచడానికి ఒక పేజీ కరపత్రం రాస్తా ఉన్నాం. గులకరాళ్ల నడుమ గులకరాయి మాదిరి కూర్చునే మొక్క కదా, తలకట్టుగా వేమన్న పాదమే పెట్టాలని ఉంది. “ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచు... జాడ వేరు.” ఆ చుక్కల దగ్గర ‘ల’నా, ‘లు’నా? అచ్చుకు పోయేలోపల చెప్పండి.

ఛందోభిమాని, కడప: ఛందస్సు ఈ తగవు తీర్చదు. రుచుల అన్నా, రుచులు అన్నా మూడు లఘువులే, నగణమే. చూ–జాలకు అచ్చు కలవదు గనక ఇక్కడ చూడ–జాడ ప్రాసయతి, అంటే రెండో అక్షరం ‘డ’ కలిసింది. అదీ రెంటితోనూ నిలుస్తుంది. ఇక అర్థమే దిక్కు. నా మాట ‘రుచుల’. రుచుల యొక్క జాడ, అంతే.

తాడిపత్రి పాఠకుడు: నేను ‘రుచులు’ వైపు. ఇక్కడ చూడటం కంటితో కాదు సార్, రుచి చూడటం. ఉప్పునూ కప్పురాన్నీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూస్తే తేడా తెలుస్తుంది? “చూడ చూడ రుచులు” అని ఒక విరుపు, ఆ తర్వాత “జాడ వేరు”. జడపదాలకు, అంటే ప్రాణంలేని వాటి పేర్లకు, ద్వితీయ బదులు ప్రథమ రావడం (‘రుచులను’ బదులు ‘రుచులు’) మామూలే.

ఛందోభిమాని, కడప: రుచికి ఒక్క ‘చూడ’ చాలదా? రెండుమార్లు అన్నాడంటే పదేపదే పరికించమని.

తాడిపత్రి పాఠకుడు: “తినగ తినగ వేము” అన్నదీ ఆయనే. అక్కడ రెండుమార్లు చెప్పింది నాలుక పనే కదా.

కర్నూలు కుండీలు: మొక్క పక్కనుంచి చూస్తే ‘చూడ చూడ’ అంటే పరికించడమే. లిథాప్స్ మీద ముడత కనబడితే అందరూ నీళ్లు పోస్తారు. ఆ ముడతలన్నీ ఒక్క పోలికే గానీ జాడలు వేరు. దప్పికైతే పక్కల్లో సన్నగీతలు పడతాయి, నొక్కితే కొంచెం లొంగినా తోలు బిగువు పోదు. నిండా తడిపితే ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది. చీలికలో కొత్త ఆకుల జత కనబడుతూ పాత జత వడలుతుంటే అది దప్పిక కాదు. కొత్త ఆకులు పాతవాటిలో నీళ్లు తాగుతున్నాయి. పాతది కాగితంలా ఎండేదాకా చుక్క కూడా పోయొద్దు. పోస్తే పాత జత మళ్లీ ఉబ్బి, జత మీద జత నిలిచిపోతుంది. ఆ పొరను గోటితో లాగొద్దు. ఇంక కుళ్లు. ఇది మట్టి అంచున మొదలై పైకి పాకుతుంది. చర్మం నీరుపట్టినట్టు మెరుస్తుంది, వేలు దిగబడుతుంది. వేలు దిగబడిందంటే దాదాపు చేయి దాటినట్టే. కరపత్రంలో ‘నొక్కి చూడండి’ అన్న మాట పెద్దక్షరాల్లో వేయండి.

అనంతపురం అక్క: పేరు గురించి ఒక మాట. ‘రాతిపువ్వు’ అని మాత్రం రాయొద్దు, అది మసాలాలో వేసేది. లిథాప్స్‌కు గ్రీకులో రాతిమొగం అని అర్థం. మన నోటికి ‘రాతిమొగం మొక్క’ బాగుంటుంది. ఆ పేరు 1922లో పెట్టింది బ్రౌన్. కడప బంగళా సి.పి. బ్రౌన్ కాదు, లండన్ క్యూ తోటల్లో పనిచేసిన ఎన్.ఇ. బ్రౌన్. అంతకు చాలా ముందే, 1811లో, బర్చెల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు దక్షిణాఫ్రికాలో వింత గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకుంటే అది మొక్క. కంటికి తెలియంది చేతికి తెలిసింది.

తాడిపత్రి పాఠకుడు: చూశారా! కన్ను చాలదనే కదా నేనూ చెప్పేది. వేమన్న పద్యాలు 1829లో అచ్చువేయించింది మాత్రం మన బ్రౌనే. ఇప్పుడు అచ్చుల్లోనూ, నోళ్లలోనూ రెండు పాఠాలూ ఉన్నాయి. వేమన్నకు రాతప్రతి కన్నా నోరే పెద్ద ఆధారమని నా నమ్మకం.

ప్రొద్దుటూరు మిద్దెతోట: తల్లివేరు దిగాలి గనక కుండీ 4 అంగుళాల లోతు ఉండాలని, అడుగున బెజ్జం తప్పదని రాశాం. మట్టి 10 పాళ్లలో 8 పాళ్లు 2–4 మి.మీ. ఇటుకముక్కలు లేదా ప్యూమిస్ (నురగరాయి), మిగతా 2 ఎర్రమట్టి, ఆకుఎరువు. సరేనా?

కర్నూలు కుండీలు: సరే. ఇటుకముక్కల దుమ్ము కడిగేయాలి. పెన్న సన్న ఇసుక కలపొద్దు, సందులు పూడి తడి నిలుస్తుంది. మిద్దె మీద పరిచిన కడప బండ ఏప్రిల్‌లో పెనంలా కాలుతుంది. దాని మీద నేరుగా పెడితే వేరు ఉడుకుతుంది. స్టాండు మీదికెత్తి, పొద్దుటెండ 4 గంటలు, ఆ తర్వాత 50 శాతం షేడ్‌నెట్. ఉడుకు రాత్రుల్లో మట్టి తడిగా ఉంటేనే కుళ్లు. నీడలో పెడితే మెడ సాగుతుంది, ఒక్కసారిగా ఎండలో పెడితే తెల్లమచ్చ పడి ఆకు మారేదాకా పోదు.

ఛందోభిమాని, కడప: ‘జాడ’ అంటే విధమా, ఆనవాలా అన్నది ఎవరూ ముట్టుకోలేదు. “వాని జాడ లేదు” అంటాం, అది ఆనవాలు. ఆనవాలు పట్టడానికి కన్నే కావాలి. ‘రుచుల’ దగ్గరే ఉంటా.

తాడిపత్రి పాఠకుడు: మరి కప్పురం ఏ కప్పురం సార్? హారతిదైతే నోట్లో వేయరు. పచ్చకర్పూరమైతే చక్కెరపొంగలిలోనే వేస్తారు. వేమన్న మనసులో ఉన్నది పచ్చకర్పూరమే అయితే నా ‘రుచులు’ నిలబడుతుంది.

అనంతపురం అక్క: పచ్చకర్పూరం పలుకులు కల్లుప్పు మాదిరే ఉంటాయి కూడా. మిద్దెతోట వాళ్లూ, అచ్చుకు ఇంకో రెండు రోజులు ఆగుతారా?