పాలసీ ఇంజిన్‌ను డమ్మీ సర్వీసులతో పరీక్షించడం ఎలా?

ప్రశ్న (నల్లగొండ):
మిర్యాలగూడ రైస్ మిల్లుల కోసం మేము తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్‌లో తూకం, రైతు వివరాలు, చెల్లింపు అనే సర్వీసులు కుబర్నెటీస్‌పై (ప్రోగ్రాములను అనేక కంప్యూటర్లపై నడిపించే వ్యవస్థ) నడుస్తాయి. ఏ సర్వీసు దేనితో మాట్లాడుతుందో గమనించి, నెట్‌వర్క్ పాలసీలను (ఏ సర్వీసు దేనితో కనెక్ట్ కావచ్చో చెప్పే నియమాలను) తానే రాసే ఇంజిన్ ఒకటి సిద్ధమైంది. అసలు సర్వీసుల జోలికి పోకుండా దానిని ఎలా పరీక్షించాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (మహబూబ్‌నగర్):
అసలు సర్వీసుల బదులు డమ్మీ (ఉత్తుత్తి) సర్వీసులు పెట్టి పరీక్షించండి. డమ్మీ సర్వీసు తన పోర్టులో కనెక్షన్‌ను స్వీకరించి, తన పేరును తిరిగి పంపితే చాలు. అయితే పాలసీ పాడ్‌లను (సర్వీసు ప్రోగ్రాము నడిచే యూనిట్లను) ఎంచుకునేది వాటికి తగిలించిన లేబుళ్లను బట్టే కనుక, లేబుళ్లు, నేమ్‌స్పేస్‌లు (పాడ్‌లను విడదీసే విభాగాలు) అసలువాటితో పొల్లుపోకుండా సరిపోవాలి. ముందుగా ఏ పాలసీ లేకుండా ప్రతి జంట మధ్యా కనెక్షన్ కుదురుతోందని నిర్ధారించుకోండి. లేకపోతే, పోర్టే తెరవని డమ్మీని చూసి పాలసీ ఆపిందని పొరబడతారు. ఉదాహరణకు, తూకం నేరుగా చెల్లింపుతో మాట్లాడకూడదనుకుంటే, ఆ దారి మూసుకున్నదా అన్నది తప్పక చూడండి. నా దృష్టిలో తెరిచిన దారుల కన్నా మూసిన దారుల పరీక్షే ముఖ్యం.

జవాబు (సూర్యాపేట):
క్లస్టర్‌లోని (కుబర్నెటీస్ నడిచే కంప్యూటర్ల సమూహంలోని) సీఎన్‌ఐ ప్లగిన్ (పాడ్‌లకు నెట్‌వర్క్ కల్పించే భాగం) పాలసీలను అమలుచేస్తుందా అన్నది మొదట చూడండి. ఫ్లానెల్ అనే ప్లగిన్ ఒక్కటే ఉంటే పాలసీ నమోదవుతుంది గానీ ఏ కనెక్షనూ ఆగదు. అలాగే బయటికి వెళ్లే ట్రాఫిక్‌నంతా ఆపితే 53వ పోర్టులోని డీఎన్‌ఎస్ (పేరును ఐపీ చిరునామాగా మార్చే సేవ) కూడా ఆగుతుంది కాబట్టి, పేరుతోనూ ఐపీతోనూ విడివిడిగా పరీక్షించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. పాలసీ పెట్టిన వెంటనే పరీక్షించవచ్చునా?

జవాబు (మహబూబ్‌నగర్):
వద్దండీ. క్లస్టర్‌లోని అన్ని నోడ్లలో (కంప్యూటర్లలో) అమలు కావడానికి కొంత సమయం పడుతుంది కనుక, ఒక గడువు పెట్టుకుని, ఆలోపు ఆశించిన ఫలితం నిలకడగా వచ్చేవరకు మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా పరీక్షను రాయండి.