రూ. 4 లక్షల్లో పాత డిజైర్: 1.6 లక్షలు తిరిగిన డీజిలా, 82 వేలు తిరిగిన పెట్రోలా?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. రోజూ తెనాలి నుంచి గుంటూరు వెళ్ళి రావాలి. ఊళ్ళో తిరుగుడు కూడా కలిపితే రోజుకు 60 కి.మీ. అవుతుంది. బడ్జెట్ 4 లక్షలు, అంతకు మించి నా వల్ల కాదు. రెండు బండ్లు చూశాను, రెండూ 2014 స్విఫ్ట్ డిజైర్లే. ఒకటి డీజిల్, 1.6 లక్షల కి.మీ. తిరిగింది, రెండో ఓనర్ దగ్గరుంది, 3.5 లక్షలు అడుగుతున్నాడు. ఇంకోటి పెట్రోల్, 82 వేల కి.మీ., సింగిల్ ఓనర్, 3.8 చెప్తున్నారు. నాన్నగారు డీజిల్ జోలికి పోవద్దంటున్నారు, బావ డీజిలే తీసుకోమంటున్నాడు. మీరేమంటారు?

డీజిల్_దొర:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ, డీజిల్ తీసుకో. అందులో ఉన్నది 1248 సీసీ ఫియట్ ఇంజన్. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, టాటా ఇండికా విస్టా, అన్నిట్లోనూ అదే. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ ఆపేసింది గానీ, ఆ ఇంజన్‌కి స్పేర్లు దొరకని ఊరూ లేదు, దాన్ని విప్పడం రాని మెకానిక్కూ లేడు. బెజవాడలో నా ట్యాక్సీలు మూడు లక్షలు దాటి తిరిగాయి, బోరు పని (ఇంజన్ విప్పి అరిగిన సిలిండర్లు బాగుచేయడం) రాలేదు.

లెక్క చూసుకో. నెలకు 25 రోజులు, 1500 కి.మీ. డీజిల్ లీటరుకు 20 ఇస్తే 75 లీటర్లు, 97 రూపాయల చొప్పున 7,275. పెట్రోల్ 15 ఇస్తే 100 లీటర్లు, 109 చొప్పున 10,900. నెలకు 3,600 తేడా. ఏడాదికి 43 వేలు. ఇంకేం కావాలి?

కూకట్‌పల్లి_బ్రో:
డీజిల్‌కి పదేళ్ళే కదా బ్రో లైఫు? 2014 అంటే అయిపోయినట్టేగా.

డీజిల్_దొర:
అది ఢిల్లీ, ఎన్‌సీఆర్ గొడవ. మన దగ్గర డీజిలైనా పెట్రోలైనా రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. తెలియకుండా భయపెట్టకండి.

నిమ్మళంగా:
దొరగారి లెక్కలో డిజైర్ పెట్రోల్‌కు 15 అని ఎవరు చెప్పారండీ? కంపెనీ చెప్పింది 19.1. నరసరావుపేటలో మా తోడల్లుడిది అదే బండి, హైవే మీద 18 ఇస్తుంది. 18 వేసుకుంటే 83 లీటర్లు, 9,080 రూపాయలు. అంటే తేడా 1,800. మీరు చెప్పినదాంట్లో సగం. లెక్క వేసేటప్పుడు రెండు బండ్లకీ ఒకే న్యాయం ఉండాలి.

డీజిల్_దొర:
మాస్టారూ, కంపెనీ చెప్పే అంకె పట్టుకుంటే డీజిల్‌కి 23.4 వేసుకోవాలి. అక్కడ నేను 20 వేశాను, మీరు చూడలేదా? గుంటూరు ఊళ్ళో ఏసీ వేసుకుని 18 ఇచ్చే పెట్రోల్ డిజైర్‌ని నాకొకసారి చూపించండి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, కలిపిన వంతుకు తగ్గట్టు మైలేజీ కొంత పడిపోవాల్సిందే. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లంటే దానికి తగ్గట్టు చేశారు. 2014 బండిలో రబ్బరు పైపులు, సీళ్ళ సంగతి ఎవరు పూచీ?

నిమ్మళంగా:
ఇథనాల్ సంగతి తర్వాత. 15 మాత్రం తప్పు.

డాలస్_నుంచి:
ఇక్కడ రెండు లక్షల మైళ్ళు తిరిగిన పెట్రోల్ సెడాన్లు రోడ్డు నిండా కనిపిస్తాయి. చిన్న కారుకు డీజిల్ అనే మాటే వినపడదు, పైగా డీజిల్ గ్యాలన్ ధర పెట్రోల్ కంటే ఎక్కువ. మీరంతా దేని గురించి కొట్టుకుంటున్నారో అర్థం కావట్లేదు.

షెడ్డు_సాంబ:
అన్నా, తెనాలిలో గ్యాలన్లు అమ్మరు.

కొనే తమ్ముడికి నాలుగు ముక్కలు. డీజిలా పెట్రోలా అని కాదు, ముందు ఆ రెండు అంకెలు నిజమా కాదా చూడు. డిజిటల్ మీటర్‌ని ల్యాప్‌టాప్ పెట్టి వెనక్కి తిప్పడం చాలా చిన్న పని. బండి నంబరు పట్టుకుని కంపెనీ షోరూమ్‌కి పోయి సర్వీస్ హిస్టరీ అడుగు, ఏ తేదీకి ఎంత రీడింగో వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది. 82 వేలే తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు జారిపోతుంటే అనుమానించాలి. టైర్ మీద నాలుగు అంకెలుంటాయి, తయారైన వారం, సంవత్సరం. అద్దాల మీద కూడా కోడ్ ఉంటుంది, ఒక అద్దం మాత్రం వేరే ఏడాదిదైతే ఎందుకు మార్చారో అడుగు.

డీజిల్‌ని పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద నువ్వే స్టార్ట్ చెయ్యాలి. ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. మొదటి రెండు క్షణాలు గలగలమని ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ మోత వస్తుందేమో విను. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తియ్యి. సన్నటి ఆవిరి ఫర్వాలేదు, పొగ గుప్పుగుప్పున కొడితే బోరు పని దగ్గరికొచ్చినట్టు. ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడకు, డీజిల్‌లో కొత్త ఆయిల్ పోసినా వెంటనే నల్లబడుతుంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు రిటర్న్ టెస్ట్ (చిమ్మకుండా ఎంత డీజిల్ వెనక్కి వస్తుందో చూసేది) చేయించు, టర్బో పైపు లోపల ఆయిల్ తడి ఎంతుందో చూడమను. ఈ మోడల్‌కి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) గోల లేదు, అది 2020 తర్వాతి బీఎస్6 బండ్లకు.

ఎర్రమట్టి:
టైమింగ్ బెల్ట్ మార్చారో లేదో అడగండి, ముఖ్యం.

షెడ్డు_సాంబ:
రెండిట్లోనూ చైనే. బెల్ట్ లేదు.

కారంపూడి_కారం:
తెనాలి నుంచి గుంటూరుకు రైలుండగా కారెందుకండీ?

తెనాలి_కుర్రాడు:
షిఫ్టు రాత్రి పదింటికి అయిపోతుందండి. ఆఫీసు స్టేషన్‌కి దూరం.

సాంబ అన్నా, చాలా థ్యాంక్స్. ఒక డౌటు. డీజిల్ అతను ఆర్‌సీ ఇంకా మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, నేరుగా మీ పేరుకి మార్పిస్తానంటున్నాడు. ఫర్వాలేదా?

డీజిల్_దొర:
అది మామూలే. ట్రాన్స్‌ఫర్ డబ్బులు మిగుల్చుకుందామని అలా చేస్తారు. దానికోసం మంచి బండి వదులుకోవద్దు.

నిమ్మళంగా:
మామూలే! మొదటి ఓనర్ వచ్చి సంతకం పెట్టకపోతే ఏం చేస్తారు? మధ్యలో ఆ బండి ఎక్కడైనా యాక్సిడెంట్ చేసి ఉంటే? రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికీ మామూలే అనుకుంటూ పోతే అనుభవించేది కొన్నవాడు.

డీజిల్_దొర:
మాస్టారూ, ప్రతిదానికీ ఇంత భయపడేవాళ్ళు పాత బండి కొనకూడదు. బస్సెక్కాలి.

నిమ్మళంగా:
బస్సు కూడా ఎక్కానండీ, ఆరు నెలలు. ఎందుకో చెప్తాను వినండి. 2019లో నేను కొన్నదీ డీజిలే. కంపెనీ పేరు వద్దు, అమ్మినవాడి పేరూ వద్దు. దగ్గరి చుట్టం చూపించాడు, రికార్డు మొత్తం పక్కాగా ఉందన్నారు. సరిగ్గా జూన్‌లో, ఇద్దరు పిల్లలకూ ఫీజులు కట్టిన వారానికి, ఇంజెక్టర్లు పోయాయి. ఒకటి మార్చితే చాలదు, నాలుగూ మార్చాలన్నారు. వాటితోపాటు క్లచ్ కూడా. 60 వేలు దాటింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఆ చుట్టం ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే "బండి ఎలా ఉంది మాస్టారూ" అని నవ్వుతాడు.

డీజిల్_దొర:
అది మీటర్ తిప్పిన బండి. దానికి డీజిల్ ఏం పాపం చేసింది? మోసపోయింది మనిషి దగ్గర, పగ మాత్రం ఇంధనం మీద. ఆ కుర్రాడికి నెలకు 3,600 మిగులుతుంది. సరే, మీ మాటే నిజం, 1,800 అనుకుందాం. పక్కన పెట్టుకుంటే మూడేళ్ళలో 64 వేలు. ఇంజెక్టర్లు పోయినా అందులోంచే ఇచ్చుకోవచ్చు.

నిమ్మళంగా:
పక్కన ఎవరు పెడతారండీ? మీరు పెట్టగలరు, మీది వ్యాపారం, బండి పేరుతో ఒక పుస్తకం ఉంటుంది. మా ఇంట్లో మిగిలిన 1,800 ఎక్కడా కనపడదు. పాలకో, గ్యాస్‌కో, మా అమ్మ మందులకో పోతుంది. నెలనెలా రెండు వేలు ఎక్కువైతే ఎలాగోలా సర్దుకుంటాం. ఒక్కరోజులో 60 వేలు అడిగితే ఎక్కడ సర్దుకోవాలి? డీజిల్ ఖరీదా పెట్రోల్ ఖరీదా అని నేనసలు అనట్లేదు. నాకు తెలిసిన ఖర్చు కావాలి, అంతే.

డీజిల్_దొర:
ఆ మాట మొదట్లోనే చెప్పి ఉంటే 15, 18 అని రెండు రోజులు కొట్టుకునేవాళ్ళం కాదు కదా. కానీ నా సంగతీ వినండి. నా బండి షెడ్డులో పడితే ఆ రోజు కూలీ లేదు, ఈఎంఐ మాత్రం ఆగదు. మీ బండి షెడ్డులో ఉన్నా ఒకటో తారీఖున మీకు జీతం పడుతుంది. ఎవరికి భయం ఎక్కువుండాలి చెప్పండి. అయినా నేను డీజిల్‌లోనే ఉన్నాను. ఎందుకంటే రోజూ తిరిగే బండికి రోజూ మిగిలేదే బతుకు.

నిమ్మళంగా:
మీకు పోతే ఇంకో బండి ఉంది. నాకు ఒక్కటే.

డీజిల్_దొర:
ఇంకో బండికి అప్పు కూడా ఇంకోటి ఉంది మాస్టారూ.

షెడ్డు_సాంబ:
ఇద్దరూ నా దగ్గరికే రావాలి చివరికి. 🙏

తమ్ముడూ, నీ దగ్గర బండి కొన్నాక ఎంత మిగులుతుంది? అది చెప్పలేదు. 3.5కి డీజిల్ కొని 50 వేలు చేతిలో ఉంటే డీజిల్ తీసుకో. 4 లక్షలు అంటే మొత్తం అదే అయితే, ఇన్సూరెన్స్, టైర్లు, ట్రాన్స్‌ఫర్ అన్నీ అందులోనే అయితే, డీజిల్ వద్దు. పెట్రోల్‌ని కూడా 3.5కి దించకుండా తీసుకోవద్దు.

తెనాలి_కుర్రాడు:
మొత్తం అదే అన్నా. అందులో లక్ష బావ దగ్గర చేబదులు.

డీజిల్_దొర:
బావ డీజిల్ అన్నాడంటే ఆ రిపేరు కూడా ఆయనే పెట్టుకుంటాడేమో అడుగు.

తెనాలి_కుర్రాడు:
అప్‌డేట్. ఈ ఉదయం ఆరున్నరకి డీజిల్ చూడ్డానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంది. పాలు తేవడానికి వెళ్ళొచ్చానన్నాడు. రేపు మళ్ళీ వస్తాను, నేను వచ్చేదాకా తియ్యొద్దంటే, అంత అనుమానమైతే వద్దులెండి అన్నాడు. పెట్రోల్ బండి సర్వీస్ హిస్టరీ తీయించాను. పోయిన ఏడాది వరకు రీడింగులు వరసగానే ఉన్నాయి. ముందు బంపర్ మాత్రం ఒకసారి మార్చారు. 3.6 దగ్గర ఆగారు.

షెడ్డు_సాంబ:
బంపర్ ఒక్కటే అయితే ఏం కాదు. బానెట్ తెరిచి ముందు పట్టీలో, రేడియేటర్ పక్కన వెల్డింగ్ అతుకులున్నాయేమో చూడు. పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకి మార్చమని కంపెనీకి రాయాలి, చాలామంది అది వదిలేస్తారు.

డీజిల్_దొర:
ఆ పాలవాడి బండి వదిలెయ్. పటమటలో నాకు తెలిసిన 2015 డీజిల్ ఒకటుంది, ఆర్‌సీ క్లియర్, నేనే దగ్గరుండి చూపిస్తాను.

నిమ్మళంగా:
ఇంకో డీజిలా!

రేపల్లె_రెడీ:
నా దగ్గర 2012 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, అర్జెంటుగా అమ్మాలి, కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి.

నిర్వాహకుడు:
అమ్మకాలకు వేరే విభాగం ఉంది. అక్కడ పెట్టండి.