గడప దాటని పిల్లికి ఫ్లీలు ఎలా పట్టాయి?

మియాపూర్ మేడ:
మాది నాలుగో అంతస్తు. మా బూందీకి మూడేళ్లు, ఒక్కసారి కూడా గడప దాటలేదు. బాల్కనీకి వల కట్టించాం. జూన్ చివర్లో ఈ ఫ్లాటుకు మారాం. మారిన మర్నాటి నుంచే నా చీలమండల దగ్గర ఎర్రటి దద్దుర్లు. దోమలనుకున్నాను. వారం తిరిగేసరికి బూందీ తోక మొదట్లో వెంట్రుకలు ఊడేలా నాక్కుంటోంది. పురుగు ఒక్కటీ కనిపించదు, దువ్వితే మిరియాల పొడి లాంటి నలుసులు రాలుతున్నాయి. మా అత్తగారు చుండ్రు అంటున్నారు. అదేనా?

తార్నాక తాత:
ఆ నలుసుల్ని తడి దూది మీద వేసి రెండు నిమిషాలు ఆగండి. ఎర్రగా చెమ్మ పాకితే అది ఫ్లీల (నెత్తురు పీల్చే చిన్న గెంతుడు పురుగుల) రెట్ట, అంటే జీర్ణమైన నెత్తురు. పురుగు కనిపించకపోవడంలో వింత లేదు. పిల్లి నాకి నాకి మింగేస్తుంది.

రాగిచెంబు:
మీకంటే ముందు ఆ ఇంట్లో ఎవరైనా జంతువుల్ని పెంచారా? ఇల్లు ఎన్నాళ్లు తాళం వేసి ఉంది?

మియాపూర్ మేడ:
దూది ఎర్రబడింది! వాచ్‌మన్‌ను అడిగాను. పాత అద్దెవాళ్లకు రెండు పిల్లులట, ఖాళీ చేసి రెండు నెలలైందట. కానీ రెండు నెలలు తిండి లేకుండా ఏ పురుగు బతుకుతుందండీ?

రాగిచెంబు:
బతుకుతుంది. నేనూ అల్వాల్‌లో ఇలాంటి ఇంట్లోనే దిగి నేర్చుకున్నాను. ఆడ ఫ్లీ రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది. అవి పిల్లికి అంటుకుని ఉండవు, అది పడుకున్న చోటల్లా రాలిపోతాయి. పిల్ల పురుగులు వెలుతురుకు భయపడి సోఫా కిందికి, దివాన్ మూలలకు, తివాచీ పోగుల్లోకి దూరి గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో నెలల తరబడి ఆగగలవు. మనిషి అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగిలితే బయటికొస్తాయి. తాళం తీసిన మర్నాడే మీ చీలమండలు కుట్టింది అందుకే. పిల్లి మీద కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో కొసరు మాత్రమే. పిల్లికి ఒక్కసారి మందేసి ఊరుకుంటే నెలకు మళ్లీ మొదటికొస్తుంది. వానాకాలం తేమ వీటికి పండగ.

పరుపుల మీది దుప్పట్లు బాగా వేడి నీళ్లలో ఉతికించండి. వాక్యూమ్ క్లీనర్ రోజూ పెట్టండి, సంచిని వెంటనే కట్టేసి బయట పారేయండి. చీపురుతో ఊడిస్తే గుడ్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతాయి, అంతే.

పెరటి గుమ్మడి:
ఇంత హడావిడి ఎందుకు? కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయండి. మా ఇంట్లో తరతరాలుగా ఇదే.

తార్నాక తాత:
అమ్మా, పిల్లికి వద్దు. ఒంటికి రాసినదంతా నాకి కడుపులో వేసుకుంటుంది. కర్పూరం, టీ ట్రీ నూనె, బీరువాలో వేసే కలరా ఉండలు, మూడూ దానికి విషమే.

నల్లపిల్లి ఇల్లు:
నా తప్పు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మందుల షాపులో కుక్కలకు మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చి, ‘పిల్లికైతే సగం వేయండి’ అన్నారు. వేశాను. కొన్ని గంటల్లో చెవులు అదరడం మొదలైంది, తర్వాత ఒళ్లంతా వణుకు. రాత్రికి రాత్రి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంది. కుక్క కాలేయం దాన్ని విరిచేయగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. సగమైనా, పావైనా వద్దు. మా పిల్లి బతికింది, ఇప్పుడు నా ఒళ్లో ఉంది. ఆ రోజు నుంచి పెట్టె మీద పిల్లి బొమ్మ, బరువు, పెర్మెత్రిన్ లేదన్న సంగతి చూడకుండా మూత తీయను. పిల్లికి సెలమెక్టిన్, ఫిప్రోనిల్ లాంటివి ఉన్నాయి, కానీ బరువు చూసి డాక్టర్ చెప్పాలి. చుక్కలు మెడ వెనుక, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే వేయాలి.

మల్కాజిగిరి మొదటి అంతస్తు:
మాకు ఫ్లీలు కాదు, పిడుదులు. సెల్లార్‌లో వీధికుక్కలు పడుకుంటాయి. ఒకరోజు కర్టెన్ రాడ్డు దగ్గర గోడ మీద గోధుమ రంగు గింజలు పాకుతున్నాయి! ఈ రకం ఇంటి లోపలే పగుళ్లలో కాపురం పెట్టగలదట. పిల్లి చెవి దగ్గర ఒకటి కరచుకుని ఉంటే మా తమ్ముడు అగరుబత్తితో కాల్చబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. వేళ్లతో నలపకూడదు. స్పిరిట్ సీసాలో వేసేయండి.

తార్నాక తాత:
ఇంకొకటి. పిల్లి మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. ఫ్లీని మింగితే అది కడుపులో చేరుతుంది. డాక్టర్‌కు ఆ మాట కూడా చెప్పండి, వేరే మందు కావాలి.

మియాపూర్ మేడ:
అయిదు వారాల తర్వాత వచ్చాను. డాక్టర్ బరువు చూసి చుక్కలు వేశారు, రెండో మోతాదు కూడా అయింది. బియ్యపు గింజలూ కనిపించాయి, వాటికి మాత్ర ఇచ్చారు. మూడో వారంలో మళ్లీ పురుగులు కనిపించేసరికి మందు నకిలీదేమోనని గొడవ పెట్టబోయాను. పాత గూళ్లలోంచి వస్తున్నవేనని రాగిచెంబు గారి మాట గుర్తొచ్చి ఆగాను. నిన్న దువ్వెనలో ఒక్కటే వచ్చింది, సబ్బు నీళ్లలో ముంచాను. అత్తగారు ఇప్పటికీ చుండ్రే అంటున్నారు, కానీ దివాన్ కింద వాక్యూమ్ పెట్టేది ఆవిడే.