పిల్లల ముంతలో డబ్బు దానానికి తీయించవచ్చా?

కూకట్‌పల్లి కోడలు:
మా ఇంట్లో ఏడాదిగా ఒక అలవాటు. రాత్రి బియ్యం కడిగేముందు ఒక గుప్పెడు తీసి పాత నూనె డబ్బాలో వేస్తాం. నెలకి కిలోన్నర దాకా పోగవుతుంది. దానికి కందిపప్పు, నూనె ప్యాకెట్లు కలిపి దగ్గర్లోని వృద్ధాశ్రమంలో ఇచ్చి వస్తాం. ఈ నెల మావారు పిల్లల్ని కూడా ముంతలోంచి చెరో రెండొందలు తీయమన్నారు. పదమూడేళ్ల పాప ఇచ్చేసింది. తొమ్మిదేళ్ల బాబు "అమ్మమ్మ సైకిల్‌కి ఇచ్చింది" అంటూ ముంత పట్టుకుని అన్నం తినకుండా పడుకున్నాడు. "ఇప్పుడు నేర్పకపోతే ఎప్పుడు?" అని ఈయన. బలవంతం వద్దని నేను. మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
మీవారిదే కరెక్టమ్మా. పళ్లు తోముకోవడం ఏడిపించే కదా నేర్పాం! మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా లేకుండా ఎవరొచ్చినా అన్నం పెట్టారు. ఇంట్లో చూసి నేర్చుకోవాల్సినవి ఇవి.

గోదారోడు:
మాస్టారూ, సీతమ్మ గారు ఎవరి ముంతా పగలగొట్టించలేదండీ. భర్త జోగన్న గారు మనస్ఫూర్తిగా సరేనన్నారు కాబట్టే ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు.
చిన్నప్పుడు ధనుర్మాసంలో హరిదాసు వస్తే మా నాయనమ్మ నా రెండు చేతుల్లో బియ్యం పోసేది. ఆయన తల మీది అక్షయపాత్ర దించడు కదా, నాకు అందేలా తనే మోకాళ్ల మీద కూర్చునేవాడు. సగం బియ్యం వాకిట్లో ముగ్గు మీదే పడేవి. బియ్యం నాన్నవి, పోసింది నేను. ఆ వయసులో అది చాలు. నా గోళీల డబ్బులు అడిగుంటే గోడ దూకి పారిపోయేవాణ్ణి.

గుంటూరు భాయ్:
రంజాన్‌కి మేం పేదలకిచ్చే ఫిత్రా దానం ఇంట్లో తలకి ఇంత అని లెక్కగట్టి ఈద్ నమాజుకు ముందే ఇస్తాం. పొత్తిళ్లలో పిల్ల ఉన్నా లెక్కలోకి వస్తుంది, కానీ ఇచ్చేది నాన్నే. మా అబ్బాయి చేత కవరు ఇప్పిస్తా, అంతే. పండక్కి పెద్దలు వాడికిచ్చే ఈదీ డబ్బుల జోలికి మాత్రం వెళ్లను.

లెక్కల మనిషి:
ఈ డబ్బాలూ ముంతలూ ఎందుకు? ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో పంపితే రసీదు వస్తుంది, విరాళాలకిచ్చే 80జి పన్ను మినహాయింపూ వస్తుంది. నగదైతే రెండు వేలు దాటితే అదీ రాదు.

కూకట్‌పల్లి కోడలు:
మేం కొత్త పన్ను విధానంలో ఉన్నామండీ, మాకు 80జి వర్తించదు. అయినా ఫోన్‌లో నొక్కితే పిల్లలకి కనిపించేదేముంది?
గోదారోడు గారూ, మీ హరిదాసు కథ ఈయనకి చదివి వినిపించా. "బియ్యం మనవైతే వాడి త్యాగం ఏముంది?" అన్నారు. అదీ ఆలోచించాల్సిందే, కాదనను. బాబుని మెల్లగా అడిగితే "సైకిల్ కొన్నాక మిగిలితే చూద్దాం" అన్నాడు. అచ్చం వాళ్ల నాన్న మాటే! పాప మాత్రం తన రెండొందలూ వెనక్కి ఇచ్చేయమంటోంది, తమ్ముడు ఇవ్వనప్పుడు తనెందుకివ్వాలట.

రిటైర్డ్ మాస్టారు:
చూశారా? అందుకే చెప్పా.

గోదారోడు:
వెనక్కి ఇచ్చేయండి. అడిగి తీసుకున్నదేగా, మళ్లీ ఇవ్వాలనిపిస్తే తనే ఇస్తుంది.

విజయనగరం పిన్ని:
మీ గొడవ తర్వాత. నెలంతా డబ్బాలో ఉంచితే బియ్యానికి పురుగు పట్టదా అమ్మా? నాలుగు ఎండుమిరపకాయలు వేశావా లేదా?